కడిగిన ముత్యం మీద వెంట్రుక

మన దగ్గర ఫోటోను ఎవరూ డెవలప్ చేయించరు. కడిగిస్తారు. రీలు కడిగించినవా, పెండ్లి ఫోటోలు కడిగి వచ్చినయా, ఇంకెన్ని దినాలకు కడుగుతడు అనేవే స్టూడియో గుమ్మం ముందు వినపడే మాటలు. ఆ మాటలో ఎంత నమ్మకముందో చూడండి. గిన్నె కడిగితే తళతళలాడుతుంది. బియ్యం కడిగితే తవుడు పోతుంది. కాళ్ళు కడుక్కుంటే ఇంట్లోకి రానిస్తారు. కడిగించాక మట్టి అంటుకుని తిరిగొచ్చే సరుకు నా ఎరుకలో ఒక్కటే ఉంది. అది పట్నంలో, ఏసీ గదిలో, గుమ్మం మీద ‘ప్రొఫెషనల్’ అని రాసుకున్న చోట, రసీదు తీసుకుని మరీ కడిగించిన స్లైడ్ ఫిల్మ్.

తొంభైల్లో ఒక సాయంత్రం హనుమకొండలో కాకతీయ శిల్పం మీద స్లైడ్ షో పెట్టాను. తెర ఆరడుగులు. ప్రొజెక్టరు ఒక కాలేజీ వాళ్ళను బతిమాలి తెచ్చింది. జనం ముప్పై మంది, అందులో పదిమంది చాయ్ కోసం వచ్చినవాళ్ళు. వేయిస్తంభాల గుడి క్షేమంగా దాటింది. కోటలోని కీర్తితోరణం పైన ఆకాశంలో నాలుగైదు నల్లచుక్కలు కనబడ్డాయి. కాకులనుకున్నారు, నేనూ కాదనలేదు. రామప్ప దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ఒంటికి పాములు చుట్టుకున్న నాగిని శిల్పం స్లైడు పడింది. ఎండకు మెరుస్తున్న ఆ మదనిక భుజం మీదుగా నడుము దాకా నల్లటి మెలిక ఒకటి, జానెడు పొడవున, వంకీలు తిరిగి దిగింది.

ముందు వరుసలోని పెద్దాయన లేచాడు. “సారూ, మిగతా పాములు సరే. గా సన్నపాము ఉన్నది సూడుండ్రి, రాతిల గింత సన్నగ ఎట్ల చెక్కిన్రు?”

ఆయన తప్పేం లేదు. రామప్పలో సూది దూరేంత సందులు చూపించి గైడ్లు ఎవరినైనా నోరెళ్ళబెట్టిస్తారు. క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. అక్కడి శిల్పి వెంట్రుకంత పాము చెక్కాడంటే నమ్మనివాడు ఓరుగల్లులో పుట్టలేదు. నా ముందు రెండు దారులున్నాయి. అది పాము కాదు, ల్యాబులో పనిచేసే ఎవరో పుణ్యాత్ముడి వెంట్రుక అని చెప్పడం ఒకటి. గొంతు సవరించుకుని “అరుదైన పని” అనడం రెండోది. రెండోదే చేశాను. చప్పట్లు పడ్డాయి. దాదాపు ఏడువందల ఎనభై ఏళ్ళ తర్వాత కాకతీయ శిల్పానికి ఈ విధంగా ఒక సవరణ జరిగింది. సవరించినవాడి పేరు శాసనంలో లేదు, రసీదు మీద అర్థం కాని సంతకం మాత్రం ఉంది.

లెక్క చాలా చిన్నది. స్లైడు మీద బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఆరడుగుల తెర మీద పడితే అది యాభై రెట్లవుతుంది. ఫిల్మ్ మీద అర సెంటీమీటరు వెంట్రుక తెర మీద పాతిక సెంటీమీటర్ల పామవుతుంది. కంటికి ఆనని నలుసు కందిగింజవుతుంది. దూదిపోగు చెయ్యి చాపి అప్సరస ముక్కుకు ముక్కెర తొడుగుతుంది. నెగెటివ్ అయితే ఈ గొడవ కొంత నయం. అక్కడ దుమ్ము ప్రింటు మీద తెల్లచుక్కగా దిగుతుంది, సన్న కుంచెతో రంగద్ది ఆ చుక్కను పూడ్చే టచింగ్ మనుషులు ప్రతి స్టూడియోలోనూ ఉండేవాళ్ళు. పెండ్లికూతురి చెంప మీద పడ్డ ఎన్ని చుక్కల్ని వాళ్ళు పుణ్యానికి మాయం చేశారో! స్లైడుకు ఆ దిక్కు లేదు. కెమెరాలో ఏ ముక్క వెలుగు చూసిందో ఆ ముక్కే అట్టచట్రంలో కూర్చుని తెరకెక్కుతుంది. మధ్యలో ప్రింటు లేదు, కుంచె లేదు, రెండో అవకాశం లేదు. దుమ్ము వెలుగునాపితే తెర మీద నలుపే.

(సినిమాహాళ్ళలో ఇంటర్వెల్‌కు వేసే స్లైడ్లూ దుమ్ముతోనే పడేవి కదా అంటారేమో. బట్టల దుకాణం స్లైడు మీద గాజు రెండు ముక్కలైనా, ‘పొగ త్రాగరాదు’ మీద నిజం ఈగే వాలినా అడిగినవాడు లేడు. ఆ స్లైడు చేతితో రాసినవాడు తనను ప్రొఫెషనల్ అని చెప్పుకోలేదు. నా తగాదా అంతా ఆ ఒక్క మాటతోనే.)

మర్నాడు ఎస్టీడీ బూతు నుంచి ల్యాబుకు ఫోన్ చేశాను. మీటరు తిరుగుతోంది.

“స్లైడ్ల మీద దుమ్ము బాగా ఉందండీ.”

“ఎక్కడి నుంచి సార్?”

“వరంగల్.”

“ఓ... వరంగలా!” అని ఒక్క నవ్వు నవ్వాడు. “మీ దగ్గర దుమ్మెక్కువ కద సార్. క్వారీలు, మిర్చియార్డు... మా దగ్గరికొచ్చేసరికే ఉండుంటది.”

ఆ నవ్వుకు అయిన బిల్లు కూడా నేనే కట్టాను.

వరంగల్‌లో దుమ్ము లేదని నేననను. ఏకశిలా నగరం మాది, ఆ శిలను కోసి పాలిష్ పెట్టే మిషన్లు చుట్టుపక్కల రాత్రింబగళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఎండాకాలం ఎనుమాముల మార్కెట్‌కు పొండి, తేజ రాశులూ చపాటా రాశులూ ఎర్రగా పరుచుకుని ఉంటాయి. గేటు దాటకముందే నలుగురు తుమ్ముతారు. పత్తి సీజన్లో లారీ వెనక బండి తోలితే ఇంటికొచ్చేసరికి మీసం నెరుస్తుంది. నేను ఆ మిర్చియార్డులోనే, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, రెండు రీళ్ళు ఖర్చుపెట్టాను. రామప్పకు పోయే పాలంపేట రోడ్డు మీద ఎర్రమట్టి తిన్నాను. అయినా ఫిల్మ్‌కు ఏమైంది? రీలు డబ్బా మూతికి మఖమల్ అంచు ఉంటుంది, వెలుగును బయటే ఆపేందుకు పెట్టారు దాన్ని, దుమ్మూ చాలావరకు అక్కడే ఆగుతుంది. తీయడం అయిపోయాక రీలు ఆ డబ్బాలోకే చుట్టుకుంటుంది. దాన్ని మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బీలో వేసి, అట్టపెట్టెలో పెట్టి పంపిస్తాం. ఓరుగల్లు దుమ్ము ఆ కోటగోడల్ని దాటలేక బయటే నిలబడింది. డబ్బీ మూత తీసినవాళ్ళెవరు? రీలు బయటికి లాగి తడిపినవాళ్ళెవరు? ఊరు ఊరంతా నా ఫిల్మ్‌కు కాపలా కాస్తే, కడగడానికి డబ్బు తీసుకున్న చోట కన్నం పడింది.

నేను గుడ్డిగా తగువుకు దిగే మనిషిని కాను. ముందు నా కెమెరానే అనుమానించాను. దానికి తేలికైన పరీక్ష ఉంది. స్లైడ్లన్నీ వరసగా లైట్ బాక్స్ మీద పేర్చి భూతద్దం పెట్టి చూడాలి. ఒకే మరక ప్రతి ఫ్రేములోనూ అదే మూల ఉంటే దొంగ మన ఇంట్లోనే ఉన్నాడు, కెమెరా కిటికీకి అంటుకుని కూర్చున్నాడు. రీలు పొడవునా తిన్నగా గీత పడితే అది ఎక్కడో రాపిడి. ఒక రీలు మీద అలాంటి గీత నాకూ దొరికింది. ప్రెషర్ ప్లేట్ మీద ఇసుకరేణువు, తప్పు నాది, ఒప్పుకున్నాను. కానీ నాగిని రీలులో ఒక్కో ఫ్రేముకు ఒక్కో చోట ఒక్కో వేషం. ఒకదాని మీద వెంట్రుక, ఒకదాని మీద అట్టపీచు, మరోదాని మీద బూడిదరంగు పొడి. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఏమిటంటే, ఊదితే అవి కదల్లేదు. ఫిల్మ్‌కు ఒకవైపు నునుపు, రెండోవైపు ఎమల్షన్. తడిసినప్పుడు ఎమల్షన్ జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది. ఆ తడిలో పడ్డ నలుసు, ఆరుతున్న అప్పడం మీద వాలిన చీమలాగా, దానితో పాటే ఎండి అతుక్కుపోతుంది. నాగిని మీది వెంట్రుక భూతద్దంలో సగం పైకి, సగం లోపలికి కనబడింది. నా ఫిల్మ్ తడిసింది ఒక్కచోటే కదా!

అయినా ఆ ల్యాబుకు వెళ్ళొచ్చాక గానీ ఆ వెంట్రుకలోని తాత్వికత నాకు అర్థం కాలేదు.

కాజీపేటలో తెల్లవారుజామునే రైలెక్కి వెళ్ళాను. షట్టర్ లేపుతుండగానే చేరుకున్నాను. గుమ్మంలో ‘చెప్పులు బయట విడువవలెను’ అని బోర్డు. చూడగానే నా గుండె నిండిపోయింది, ఎంత శుచి అనుకున్నాను. లోపల ఒకమ్మ కొబ్బరిచీపురుతో గది ఊడుస్తోంది. కిటికీలోంచి పడ్డ ఎండ చారలో దుమ్ము లేచి బంగారురజనులా ఆడుతోంది. ఆ చారకు అవతల, తీగ మీద క్లిప్పులు పెట్టి, రాత్రి కడిగిన ఫిల్ములు తోరణాల్లా వేలాడుతున్నాయి. ఫిల్ములు ఆరబెట్టే బీరువా ఒకటి ఉంది, వడగట్టిన గాలి వచ్చేది. అందులో రసీదు పుస్తకాలు పెట్టుకున్నారు. బీరువా మీద దేవుడి పటం, పటం ముందు అగరుబత్తీలు నాలుగు. పెద్దసైజువి. బూడిద పొడుగ్గా వంగి ఉంది, ఏ క్షణాన రాలుతుందో తెలీదు. రాలింది. ఫ్యాను గాలికి ఎటు పోయిందో నేను చూశాను.

ఓనరు వచ్చాడు. నన్ను కూర్చోబెట్టి, చాయ్ చెప్పి, తమ శ్రద్ధ గురించి అరగంట మాట్లాడాడు. అబద్ధం ఒక్కటి లేదు. స్లైడ్లు కడిగే ఈ-6 పద్ధతిని కోడాక్ 1970ల్లో తెచ్చింది. అందులో మొదటి డెవలపర్ దాదాపు 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆరు నిమిషాలుండాలి. అర డిగ్రీ అటూ ఇటూ అయితే బొమ్మ తేలిపోతుంది లేదా ముదిరిపోతుంది. ఆ తర్వాత రివర్సల్, కలర్ డెవలపర్, ప్రీ బ్లీచ్, బ్లీచ్, ఫిక్సర్, ఆఖరున ఫైనల్ రిన్స్. ఆయన థర్మామీటరు విదేశంది, దాన్ని జేబులో పెట్టుకునే తిరుగుతాడు. మందు ఒక్క చుక్క తేడా రానివ్వడు. అన్ని స్నానాలూ శాస్త్రోక్తంగా చేయించి, ఒళ్ళు తుడవకుండా బజారు నడిమధ్య నిలబెడతాడు! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ముందు కడిగి, తర్వాత అడుసు తొక్కించే విద్య వాళ్ళకు తెలీదు.

“మరి ఈ వెంట్రుక?” అని నాగినిని బల్ల మీద పెట్టాను.

ఆయన చూశాడు. గౌరవంగా చూశాడు. తర్వాత నేను జన్మలో మరవలేని పని చేశాడు. స్లైడును నోటి దగ్గర పెట్టుకుని ‘హా’ అని ఆవిరి పట్టి, చొక్కా అంచుతో రుద్దాడు. ఎమల్షన్ వైపు. వెంట్రుక పోలేదు. పక్కన సన్నటి గీత ఒకటి కొత్తగా వచ్చింది.

“ఇది ఫిల్మ్‌లోనే ఉంది సార్. కంపెనీ డిఫెక్టు.”

వరంగల్ నిర్దోషి అయింది. కోడాక్ వాళ్ళ ఊరు రోచెస్టర్ దోషి అయింది. రెంటికీ నడుమ, నాలుగడుగుల దూరంలో, చీపురు గోడకానించి ఉంది. దాని పేరు ఎవరూ ఎత్తలేదు. మౌంటు చేసే కుర్రాడు నూలు చేతితొడుగులు వేసుకుని, ఒక్కో ఫ్రేమును కత్తిరించి అట్టచట్రంలో బిగిస్తున్నాడు. వేలిముద్ర పడకూడదని ఆ తొడుగులు. ఉతికి ఉతికి నూగు లేచి గొర్రెపిల్ల వీపులా ఉన్నాయవి. అట్ట కోసినచోటల్లా పొడి. బిగించినదాని మీద టప్పున రబ్బరుముద్ర కొడుతున్నాడు, ‘ప్రొఫెషనల్లీ ప్రాసెస్డ్’ అని. ఆ ముద్ర మాత్రం ఎంత శుభ్రంగా పడుతోందో చెప్పలేను. ఒక్క నలుసు లేదు.

దుమ్మెత్తి పోద్దామని వెళ్ళినవాణ్ణి. పోయడానికి అక్కడ ఖాళీ లేదు.

ఇంటికొచ్చి సొంత వైద్యం మొదలుపెట్టాను. దీనికి మా బాత్‌రూము చాలు. ముందు వేడినీళ్ళు వదిలి గదినిండా ఆవిరి పట్టాలి, గాలిలో తేలే దుమ్ము తడిసి కిందికి దిగిపోతుంది. ఫ్యాను లేదు, చీపురు లేదు, దేవుడు పూజగదిలో క్షేమంగా ఉన్నాడు. స్లైడును చట్రం నుంచి విప్పి నానబెట్టి, బ్యాటరీల దుకాణంలో కొన్న డిస్టిల్డ్ వాటర్‌లో ఫైనల్ రిన్స్ మందు కలిపి ముంచి, తలుపు మూసి ఆరేయాలి. బోరునీళ్ళు పనికిరావు, మా రాతినేల నీళ్ళు ఎండితే సున్నపు మచ్చలు వదులుతాయి. “స్నానానికి రేపు రమ్మంటవా, ఎల్లుండి రమ్మంటవా?” అని మా ఇంటావిడ తలుపవతల నుంచి అడిగింది. రేపు అన్నాను. తెల్లారి చూస్తే ఆరు స్లైడ్లలో నాలుగు కడిగిన ముత్యాలే. మా బాత్‌రూముకు బోర్డు లేదు, ముద్ర లేదు, విదేశీ థర్మామీటరు అంతకన్నా లేదు. ఐదోదాని మీది పీచు సగం వదిలింది. నాగిని మీది వెంట్రుక మటుకు చెక్కుచెదరలేదు. శిల్పంలో కలిసిపోయిందది.

ల్యాబు పోతే ఏమవుతుందో తెలుసు కనుక గట్టిగా అరవడానికీ భయమే. కోడాక్రోమ్ కథ అలాగే ముగిసింది. 1935లో వచ్చిన ఆ ఫిల్మ్‌తో తీసిన స్లైడ్లను కడగాలంటే దానికే ప్రత్యేకించిన మందులు, యంత్రాలు కావాలి, ఏ బాత్‌రూములోనూ కుదరదు. కోడాక్ 2009లో ఫిల్మ్ ఆపేసింది. చివరికి లోకం మొత్తం మీద దాన్ని కడిగే చోటు ఒక్కటే మిగిలింది, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న ఊళ్ళో డ్వేన్స్ ఫోటో. 2010 డిసెంబర్ 30న వాళ్ళు ఆఖరి రీళ్ళు తీసుకుని దానికి తలుపు మూశారు. కడిగేవాడు చేతులు కడుక్కున్నాక, తీసి దాచుకున్న రీలు ఉన్నా లేనట్టే. కోడాక్ వాళ్ళ మరో స్లైడ్ ఫిల్మ్ ఎక్టాక్రోమ్‌నూ 2012లో ఆపి, 2018లో మళ్ళీ తెచ్చారు. ఇప్పుడు కొత్త కుర్రాళ్ళు రీలుకు వేలు పోసి కొని, ఎక్కడో దూరపు ఊరికి కొరియర్ చేసి, తిరిగొచ్చిన స్లైడ్ల మీది నలుసుల్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి ‘ఫిల్మ్ అందం’ అంటున్నారు. మా కాలంలో అగరుబత్తి బూడిదకు ఇంత మర్యాద లేదు.

ఈ రంగంలో వచ్చిన గొప్ప మార్పు మరొకటుంది. దుమ్ము ఇప్పుడు విడి ఐటమ్. స్కానర్లలో ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పంపే ఏర్పాటు వచ్చింది. ఈ-6 ఫిల్మ్ రంగుల్లోంచి ఆ వెలుగు అడ్డు లేకుండా పోతుంది, దుమ్ము మాత్రం అడ్డం నిలబడుతుంది. ఎక్కడ అడ్డం పడిందో అక్కడ దుమ్మని గుర్తుపట్టి, చుట్టూ ఉన్న బొమ్మను బట్టి కంప్యూటరే ఆ చోటును నింపేస్తుంది. వెండి మిగిలి ఉండే బ్లాక్ అండ్ వైట్ మీద ఈ ఎత్తు పారదు. యంత్రం తెలివికి దండం పెట్టాల్సిందే. దాని వెనక లెక్క చూడండి మరి. కడిగినందుకు ఒక రేటు. స్కానింగ్‌కు ఒక రేటు. ‘డస్ట్ రిమూవల్’కు ఫ్రేముకింత అని మూడో రేటు. దుమ్ము వాళ్ళు వేసిందే, తీసే కూలి మనదే! చెప్పుల దుకాణం వాడు గుమ్మంలో ముళ్ళు చల్లుకున్నా ఇంత బేరం జరగదు. తుడిచేయడానికి డబ్బు పలుకుతుందని తెలిశాక ఏ వ్యాపారి అగరుబత్తి ఆర్పుతాడు?

నేనూ కట్టాను. 2021 జులైలో రామప్పకు యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. ఊరంతా సంబరం. పాత స్లైడ్లు బయటికి తియ్యి అని నలుగురూ వెంటపడ్డారు. ఒక ల్యాబుకు పంపాను. పాతదా, కొత్తదా, వాళ్ళకు వీళ్ళకు చుట్టరికమా అన్నది వదిలేయండి. మూడు రేట్లూ కట్టాను. నాగిని తిరిగొచ్చింది. పాతికేళ్ళకు పైగా ఆమె భుజం మీద కాపురమున్న వెంట్రుక పోయింది. ఆ చోట కంప్యూటర్ జానెడు నల్లరాయి కొత్తగా చెక్కి పెట్టింది. రేచర్ల రుద్రుడి శిల్పులు ఉలి ఆనించని రాయి అది, వాళ్ళకు కూలి కూడా ఇవ్వనక్కర్లేదు.

కొన్నాళ్ళకు ఒక స్కూల్లో వాటిని ప్రొజెక్టరు మీద వేశాను. అన్నీ తళతళలాడుతున్నాయి. కీర్తితోరణం మీద కాకుల్లేవు. నాగిని పడింది. చప్పట్లు కొట్టారు. అయిపోయాక వెనక వరుస నుంచి ఒకాయన వచ్చాడు, ముప్పై ఐదేళ్ళుంటాయి, చేతికి ఆరేడేళ్ళ బిడ్డ.

“సార్, నా చిన్నప్పుడు మా తాతతోటి మీ షోకు వచ్చిన. ముందట్ల కూసొని మిమ్ముల అడిగిన ఆయనే మా తాత.”

“అవునా! సంతోషం బాబూ.”

“గీమెకు పుట్టిన కాన్నుంచి చెప్తున్న సార్, రామప్పల వెంట్రుకంత సన్నపాము ఉన్నదని. మొన్న గుడికి పోయి గంటసేపు ఎతికినం, కండ్లవడలే. మీ ఫోటోల అయినా సూపిద్దమని తోలుకొచ్చిన.” తెర వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఏమైంది సార్ అది? యునెస్కోవాళ్ళేమన్న ఎత్తుకపోయిన్రా?”